మొదటి క్లెయిములో ఎర్రబల్బు

పేటెంటు చేతికొస్తే కథ అయిపోయినట్టు కాదు. ఆ ఆవిష్కరణ ఈ దేశంలో అమల్లో ఉందో లేదో ప్రభుత్వానికి చెప్పుకుంటూ ఉండాలి. 1970 నాటి పేటెంట్ల చట్టంలో 146వ సెక్షను అది. దానికోసం ఫారం 27 అని ఒక కాగితం. మొదట్లో ఏడాదికోసారి అడిగేవాళ్లు, 2024 నుంచి మూడేళ్లకోసారి చాలన్నారు. నా మీద జాలిపడే అన్నారేమో. అమల్లో ఉంటే ఎంత వచ్చిందో కూడా 2024కి ముందు రాయాల్సి వచ్చేది, లేకపోతే ఎందుకు లేదో రాయాలి. ఒక ఏడు ‘మార్కెట్ పరిస్థితులు అనుకూలించలేదు’ అని రాశాను. ఇంకో ఏడు ‘తయారీ విషయమై చర్చలు నడుస్తున్నాయి’ అని రాశాను. చర్చలు నడిచింది నాకూ మా ఆవిడకూ మధ్య. అసలు కారణం రాయాలంటే ఆ గడి సరిపోదు.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఇందుకూరుపేట మండలం. ఎలక్ట్రానిక్స్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి 1990లో ఇంటికొచ్చాను. పండక్కొచ్చి మళ్లీ పోలేదు. అప్పటికి మా తీరమంతా టైగర్ రొయ్య పిచ్చి పట్టి ఉంది. కృష్ణపట్నం కాడ్నించి ఇసకపల్లి దాకా ఎక్కడ చూసినా గుంటలే. వరిమళ్లు తవ్వేశారు, ఎందుకూ పనికిరాని చవుడు నేలకి ధర వచ్చింది. మొన్నటిదాకా సైకిలు తొక్కినవాడు మారుతీ కారు కొని, దాన్ని నడపడానికి మనిషిని పెట్టుకున్నాడు. మా చిన్నాన్న కొడుకు రెండు గుంటలు వేశాడు. రాత్రిళ్లు నేనూ గట్టుమీద పడుకునేవాణ్ణి.

రొయ్యలగుంట ప్రాణం పోయేది తెల్లవారుజామున. పగలు నీళ్లలోని పచ్చదనం ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకితే అదే పచ్చదనం రొయ్యతో పోటీపడి ఆ ఆక్సిజన్ పీల్చేస్తుంది. ఉప్పునీళ్లు, వేడినీళ్లు అసలే దాన్ని తక్కువ పట్టుకుంటాయి. మూడింటికి, నాలుగింటికి లీటరులో మూడు మిల్లీగ్రాముల కిందకి దిగిందంటే రొయ్య అడుగు వదిలి పైకి తేలుతుంది, గట్టుకి చేరుతుంది. టార్చి వేస్తే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. ఆ కళ్లు కనపడగానే కాపలావాడు కేకేస్తాడు, ఎవరో పోయి నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లు తిప్పుతారు. కాపలావాడు కునుకు తీస్తే పొద్దున్నే కూలీలు బుట్టలు తెస్తారు.

ఇంజనీరుకి ఇంతకంటే ఏం కావాలి! నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడును అమెరికాలో లీలాండ్ క్లార్క్ 1950లలోనే తయారుచేశాడు, నెత్తురులో కొలవడానికి. ఒక పల్చటి ప్లాస్టిక్ పొర, దాని వెనక ప్లాటినం. దాన్ని గుంటలో వేలాడదీసి, లెక్క తగ్గగానే రిలే పడి మోటారు తనంతట తాను తిరిగేలా ఒక పెట్టె చేశాను. పెట్టె పనిచేసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. రొయ్యల గురించి కాదు, మద్రాసు పేటెంటు ఆఫీసు గురించి.

ఆ రోజుల్లోనే పేపర్లో రాబర్ట్ కెర్న్స్ సంగతి చదివాను. వానలో ఆగాగి తుడిచే కారు వైపరు ఆయనది. ఫోర్డు కంపెనీ మీద కేసు వేసి, 1990లో కోటి డాలర్ల పైచిలుకు రాబట్టాడు. ఆ ముక్క కత్తిరించి ఫైలులో పెట్టుకున్నాను. కేసు పన్నెండేళ్లు నడిచిందనీ, మధ్యలో సంసారం చెడిందనీ కూడా అందులోనే ఉంది. ఆ భాగం మడతలోకి పోయింది, నేనే అట్లా మడిచాను.

1991లో దరఖాస్తు పెట్టాను. క్లెయిములు నేనే రాశాను. పేటెంటులో బొమ్మలూ వివరణా ఎన్ని పేజీలున్నా, హక్కు ఉండేది చివర్లో వచ్చే ఆ నాలుగు వాక్యాల్లో. పొలానికి గట్టు ఎట్లాగో పేటెంటుకి క్లెయిము అట్లా. నా మొదటి క్లెయిము ఒక పేజీ పొడుగు. ఎలక్ట్రోడు, యాంప్లిఫయరు, వేడిని బట్టి లెక్క సరిచేసే సర్క్యూటు, రిలే, సైరను, పెట్టె నెత్తిన వెలిగే ఎర్రబల్బు ఇవన్నీ కలిగినట్టి సాధనము అని రాశాను. ఎన్ని వస్తువులు చేరిస్తే అంత పెద్ద ఆవిష్కరణ అనుకున్నాను. దరఖాస్తు చూసిన పేటెంటు ఏజెంటు ఒకసారి అడిగాడు, “బల్బు అవసరమా సార్?” అని. “బల్బు లేకపోతే దూరాన ఉన్నవాడికి ఎట్లా తెలుస్తుంది?” అన్నాను. ఆయన చదివింది నా చదువు కాదు కదా అని లోపల ఒక చులకన.

పేటెంటుకి సీలు పడేటప్పటికి 1994 వచ్చింది. ఈలోపు నెల్లూరులో మోటారు స్టార్టర్ల ప్యానెళ్లు చేసే ఒక షాపతను నా పెట్టెలాంటిదే సగం ధరకి అమ్మడం మొదలుపెట్టాడు. నేను ఫైలు పట్టుకుని ఏజెంటు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆ పెట్టె విప్పి చూసి అడిగిన మొదటి మాట, “దీన్లో ఎర్రబల్బు ఏది?”

లేదు. క్లెయిములో రాసినవన్నీ ఎదుటివాడి వస్తువులో ఉంటేనే అది నీ హక్కు దాటినట్టు. ఒక్కటి లేకపోయినా వాడు గట్టు అవతలే ఉన్నట్టు. షాపతను చట్టం చదివి తీసేశాడేమోనని రెండు మూడేళ్లు వాడి తెలివికి కుళ్లుకున్నాను. తర్వాతెప్పుడో టీ కొట్టు దగ్గర తనే చెప్పాడు, “ఉప్పుగాలికి హోల్డరు తుప్పుపట్టి షార్టవతా ఉండాదన్నా, అందుకని పీకేసినా.” నా పేటెంటు అనేది ఒకటుందని కూడా అతనికి తెలియదు.

ఆ పెట్టెలు నావీ అతనివీ కూడా ఎక్కువకాలం పనిచేయలేదు లెండి. 1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ దిగింది. మేత మానేస్తుంది, ఎర్రబారి గట్టుకొస్తుంది, డొప్ప మీద తెల్లమచ్చలు, వారం పదిరోజుల్లో గుంట ఖాళీ. మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆక్సిజన్ ఎంత ఉన్నా చచ్చే రొయ్యకి నా పెట్టె ఏం చేస్తుంది? రెండేళ్లు పోయాక, 1996 డిసెంబరు 11న, గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీరానికి 500 మీటర్లలోపు కొత్తరకం గుంటలన్నీ 1997 మార్చి 31లోగా తీసేయమని. తర్వాత స్టేలు, బిల్లులు, చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, అదంతా వేరే కథ. మా బావమరిది నాకు అప్పుగా ఇచ్చిన డబ్బు ఆ కథలో ఎక్కడా లేదు. పేటెంటు రెన్యువల్ ఫీజు కట్టడం మానేశాను.

ఆ తర్వాత పదేళ్లు స్టెబిలైజర్లు, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్లు చేసి బుచ్చి వైపు రైసుమిల్లులకి అమ్ముకుని బతికాను. అందులో నా సొంత తెలివి ఏమీ లేదు కాబట్టి లాభం వచ్చింది. ఆ లాభంతో ఇల్లు కట్టాం, అమ్మాయి పెళ్లి చేశాం. చెప్పడానికి అంతకంటే ఏం లేదు.

2008 నాటికి వనామి వస్తోందని గట్టిగా వినపడుతోంది. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్య అది. మరుసటేడు ప్రభుత్వం అనుమతిచ్చింది. చదరపు మీటరుకి అరవై పిల్లల దాకా వేయొచ్చు, అంటే రాత్రంతా ఏరియేటరు లేనిదే గుంట లేదు. ఒక హార్స్‌పవరుకి నాలుగైదు వందల కిలోల రొయ్య లెక్క. కరెంటు బిల్లు, డీజిలు బిల్లు చూస్తే రైతు గుండె ఆగుతుంది. నాకు మళ్లీ పురుగు కుట్టింది. ఆక్సిజన్ పడిపోయాక మోటారు తిప్పడం కాదు, ఎన్నింటికి పడిపోతుందో ముందే చెప్పాలి. పొద్దుగూకినప్పుడొకసారి, రెండుమూడు గంటలాగి ఇంకోసారి కొలిచి, తగ్గిన వేగాన్ని బట్టి గీత గీస్తే తెల్లవారుజాము లెక్క వస్తుంది. చిప్పు అది లెక్కగట్టి, అవసరమైనన్ని మోటార్లే, అవసరమైన గంటకే తిప్పుతుంది. నెల తిరక్కుండా దరఖాస్తు పడేశాను. ఇది ఎవరికైనా ముందే తోచిందా అని వెతకనైనా వెతకలేదు.

పరీక్షాధికారి వెతికాడు. గిండీలోని పేటెంటు ఆఫీసు నుంచి వచ్చిన నివేదికలో ఉంది, అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బోయిడ్ బృందం 1978లోనే క్యాట్‌ఫిష్ చెరువులకి ఇదే గీత గీసి అచ్చువేసిందని. అక్కడితో ఆగిపోయి ఉంటే మర్యాదగా ఉండేది. ఏజెంటు ఒక దారి చెప్పాడు: గీత పాతదే కాబట్టి, దానికి ఫలానా రకం స్టార్టరు, ఫలానా వరసలో మోటార్లు, ఫలానా మెమొరీ చేర్చి క్లెయిము కుదిస్తే గట్టెక్కొచ్చు. ఎర్రబల్బు పాఠం నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ కుదించిన క్లెయిముని ఎవడైనా ఒక వైరు మార్చి దాటేస్తాడని నాకు నిక్షేపంగా తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. ఎందుకంటే గోడకి మేకు కొట్టి ఉంది, సర్టిఫికెట్టు కావాలి. 2014లో వచ్చింది. ఫ్రేము కట్టించాను. ఫారం 27 ఆ ఫ్రేములో ఉన్నదానికే.

ఇదింకా చిన్న పొరపాటు. పెద్దది గంగపట్నం వైపు ఒక గుంట మీద జరిగింది. గుంటలో రాత్రింబగళ్లు మునిగి ఉన్న ఎలక్ట్రోడు పొర మీద నాలుగు రోజుల్లో జిగురు పాచి పడుతుంది. ఆ పాచి తనే ఆక్సిజన్ తాగేస్తుంది, లెక్క తప్పు చూపిస్తుంది, మోటార్లు ఊరికే తిరుగుతాయి. నా రెండో పేటెంటుని చంపింది ఎవరో దొంగలు కాదు, ఈ పాచి. ఆ గుంట కాడ కాపలా కుర్రాడొకడుండేవాడు. ఒకరోజు పోయి చూస్తే నా ఎలక్ట్రోడు నీళ్లలో లేదు. తాడు కట్టి, ఏరియేటరు కమ్మీ మీంచి వేసి, బక్కెట్టు మంచినీళ్లలో వేలాడదీసి ఉంది.

“ఏందిరా అబ్బయా ఇది? ఎవరు తీయమన్నారు?”

“పాచి పడతా ఉండాది కదా సార్. లెక్క కావాల్నంటే ముంచుతా, అయిపోతే కడిగి బక్కెట్లో ఏస్తా. ఎప్పుడూ నీళ్లలో ఎందుకు?”

అరిచాను. కంటిన్యువస్ మానిటరింగ్ అంటే ఏంటో వాడికి ఇంగ్లీషులో వివరించాను. తిరిగొస్తుంటే దారిలో, మైపాడు గేటు దగ్గర, బుర్రకెక్కింది. రాత్రికి నాలుగు కొలతలు చాలు నా గీతకి. ముంచడానికీ తీయడానికీ ఒక చిన్న మోటారు, కప్పీ, కడిగే గిన్నె. పాచి పీడ పోయింది! నెలలోపల చేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. అంత సంబరంలో ఆ సంవత్సరం ఒక ఆక్వా ఎగ్జిబిషన్లో స్టాలు తీసుకుని, వచ్చినవాడికల్లా విప్పి చూపించాను, కరపత్రం మీద బొమ్మతో సహా. తర్వాత తీరిగ్గా ఏజెంటు దగ్గరికి పోతే ఆయన అడిగాడు, “ఎక్కడన్నా చూపించారా?” కేంద్ర ప్రభుత్వం గెజిట్లో ప్రకటించిన ప్రదర్శన అయితే ఏడాది గడువుంటుంది, మామూలుగా మిగతా ఎక్కడ బయటపెట్టినా కొత్తదనం పోయినట్టే. మొదటిసారి ఎవరూ అడగని పెట్టెని మూడేళ్లు దుప్పటి కింద దాచాను. దాచాల్సినదాన్ని మైకు పెట్టి చెప్పాను.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఏజెంటు దగ్గరికి నేను పట్టుకుపోయిన కాగితాల్లో, నిజమైన మొదటి ఆవిష్కర్త ఎవరు అనే చోట, నా ఒక్కడి పేరే నింపి ఉంది. చట్టం అడిగేది అదే, సెక్షను 6. పెన్ను చేతిలో ఉన్నప్పుడు కుర్రాడు గుర్తురాలేదా అంటే, వచ్చాడు. వాడిది తాడూ బక్కెట్టూ, నాది మెకానిజమూ అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దరఖాస్తు పడలేదు కాబట్టి ఆ సంతకం ఎక్కడా నిలవలేదు, అంతే.

2012లో విజయవాడలో ఏరువాక టెక్నాలజీస్ మొదలైంది. సోలార్ పలకలతో నీళ్ల మీద తేలే పరికరం, ఆక్సిజన్ లెక్క రైతు సెల్‌ఫోనుకి. తర్వాత వాళ్లు మేత వేసే యంత్రాల మీదికి పోయారు. నెదర్లాండ్స్ కంపెనీ న్యూట్రెకో అందులో పెట్టుబడి పెట్టింది. వాళ్లు నా దగ్గర ఏమీ తీసుకోలేదు, తీసుకోవడానికి ఏముంది? రొయ్యల ఖర్చులో దాదాపు సగం మేతదే. ఇరవై ఏళ్లు గట్టుమీద పడుకుని కూడా నేను మేత బస్తా వైపు తిరిగి చూడలేదు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి నేతకి దారం ఆసు పోసి భుజాలు పడిపోవడం చూసి యంత్రం చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను ఆ వార్త చదివి మొదట అడిగింది, ఆయన క్లెయిములు ఎవరు రాశారని.

ఆ కుర్రాడు ఇప్పుడు రామతీర్థం వైపు లీజుకి రెండు గుంటలు చేస్తున్నాడు. మొన్న వేసవిలో ఒక మీటరు పట్టుకుని షాపుకొచ్చాడు. ఎవరో బయటి కంపెనీది, ముంచి తీసే రకం, కప్పీ ఇరుక్కుపోయింది. విప్పి, తుప్పు గీకి, గ్రీజు పెట్టి ఇచ్చాను.

“ఎంత సార్?”

“మూడొందలు.”

“ఇంత చిన్నదానికి మూడొందలా సార్?” అని రెండొందల యాభై చేతిలో పెట్టి, బండెక్కాడు.