స్పోర్ట్స్ కూపే: స్వరూపం, స్వభావం, పోషణ

స్పోర్ట్స్ కూపే అంటే రెండు తలుపులు, వెనక్కి జారిన పైకప్పు ఉన్న కారు. అందులో ఇద్దరు హాయిగానూ, మరో ఇద్దరు మొహమాటానికీ కూర్చోవచ్చు. వెనక కూడా సీట్లున్నాయని కంపెనీ కాగితాల్లో రాస్తుంది. పదేళ్లలోపు పిల్లలైతే వాటిలో పడతారు. పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. మన దగ్గర ఆ సీట్లలో ఎక్కువగా జిమ్ బ్యాగు, లాప్‌టాప్ సంచి, అత్తగారు కట్టి ఇచ్చిన ఆవకాయ డబ్బా ప్రయాణిస్తుంటాయి. తలుపులు తగ్గేకొద్దీ ధర పెరగడం ఈ జాతి ప్రధాన లక్షణం.

జాతి మొత్తానికీ నమూనాగా పోర్షే 911ని తీసుకోవచ్చు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో దీన్ని 901 పేరుతో చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో సున్నా పోయి ఒకటి వచ్చింది. అరవయ్యేళ్లు దాటినా ఇంజను మాత్రం వెనక చక్రాల వెనకే ఉంది. డిక్కీ ముందుంటుంది. కాబట్టి మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు అలవాటుగా వెనక్కి వెళ్లి, వెతికి, తిరిగొచ్చి, ముందు మూత తెరిపించి, అందులోని చిన్న సంచీ చూసి పంపిస్తాడు. కింద చూసే అద్దం దూర్చడానికి సందు చాలదు కాబట్టి ఆ తనిఖీ మాఫీ.

2020లో వచ్చిన టర్బో ఎస్ రకం సంగతి చూద్దాం. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 650 హార్స్‌పవర్. నిలబడ్డ చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 2.7 సెకన్లు. గరిష్ఠ వేగం 330. ధర మన దేశంలో మూడు కోట్ల పైమాట.

హైదరాబాద్‌లో ఈ జాతి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, 45 పరిసరాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన వైపు వెళ్తుంది. ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎక్కుతుంది. ఆ రోడ్డు 158 కిలోమీటర్లు. దాని మీద వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. 330లో 120 తీసేస్తే 210. ఈ 210కి కూడా యజమాని ధర కట్టాడు, దిగుమతి సుంకం కట్టాడు, జీఎస్టీ కట్టాడు. ఒక్కనాడూ ముట్టుకోని వేగానికి ఇంత పన్ను కట్టే పౌరులు దేశంలో అరుదు. వేగం సంగతి అలా ఉంచి 2.7 సెకన్ల సంగతి చూసినా, ఆ కాస్త సమయంలో కారు దాదాపు 40 మీటర్లు ముందుకు పోతుంది. సాయంత్రం ఆరున్నరకు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ముందు 40 మీటర్లు ఖాళీగా దొరకడం జరగని పని. దొరికినా అందులోకి ఆటో వస్తుంది. ఆటో పక్క సందులోంచి యాక్టివా వస్తుంది. ఆ యాక్టివా ముందు వెళ్తుంది.

కూపేకు సహజ శత్రువు స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం దీని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాని మీదుగా మెత్తగా దాటాలన్నది ఉద్దేశం. కాలనీ సంక్షేమ సంఘాలు ఈ లెక్కలు చదవవు. మిగిలిపోయిన కాంక్రీటు ఎంతుంటే ఎత్తు అంత. జర్మన్ ఇంజనీర్లు దీనికీ ఉపాయం ఆలోచించారు. మీట నొక్కితే కారు ముక్కు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఒకసారి లేపిన చోటును జీపీఎస్‌తో గుర్తుంచుకుని, మళ్లీ అక్కడికి రాగానే తనే లేస్తుంది. హైదరాబాద్‌లో స్పీడ్ బ్రేకర్లు రాత్రికి రాత్రి మొలుస్తాయనీ, మంత్రిగారి పర్యటన ముందు రోజు మాయమవుతాయనీ వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

స్పీడ్ బ్రేకర్ దాటే విధానం ఇది. ముందుగా కారును పూర్తిగా ఆపాలి. మీట నొక్కి, ముక్కు లేచేదాకా ఆగాలి. ఈలోపు వెనకున్న క్యాబ్ మూడుసార్లు హారన్ కొడుతుంది. తర్వాత స్టీరింగ్ తిప్పి కారును ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కించాలి. పక్క సీట్లో ఉన్నవారు అద్దం దించి, నడుం దాకా బయటికి వంగి కిందికి చూడాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చి, రెండు చేతులూ ఊపుతూ, ‘రానీయండి సార్, రానీయండి... రానీయండి... ఆగండాగండి!’ అంటాడు. ఆ ‘ఆగండి’కీ కింద వినిపించే ‘గర్ర్’మన్న చప్పుడుకీ మధ్య సమయాన్ని ఇంకా ఎవరూ కొలవలేదు, 2.7 సెకన్ల కన్నా తక్కువేనని మాత్రం నమ్మవచ్చు. 650 హార్స్‌పవర్ బండికి దారి చూపే అధికారం వాచ్‌మన్‌దే. నెల తిరిగేసరికి ఆయనకు ఆ కారు అడుగుభాగం యజమానికన్నా బాగా తెలుస్తుంది.

పోషణలో మొదటి అధ్యాయం పన్ను. 40 వేల డాలర్లు దాటిన విదేశీ కార్లపై కస్టమ్స్ సుంకం చాలాకాలం సర్‌చార్జీ కాక నూటికి నూరు శాతం ఉండేది. 2025 బడ్జెట్‌లో దాన్ని 70 శాతానికి తగ్గించి, సర్‌చార్జీ తీసేసి, వ్యవసాయ మౌలిక వసతుల అభివృద్ధి సెస్సు పేరుతో 40 శాతం చేర్చారు. చేతికొచ్చే బిల్లులో తేడా లేదు. అయినా జూబ్లీహిల్స్‌లో కూపే కొన్న ప్రతి మనిషీ రైతు సేవకుడయ్యాడు, ఆ సంగతి రైతుకు తెలియకపోయినా. దాని మీద జీఎస్టీ, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. ఆపైన రాష్ట్రానికి లైఫ్ ట్యాక్స్. ఇంతదాకా నవ్వుతూ సంతకాలు పెట్టిన కొనుగోలుదారు ఇక్కడికి వచ్చేసరికి ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెడతాడు. పన్ను తక్కువని పుదుచ్చేరిలో ఓ అద్దె గది చిరునామా మీద కారు రిజిస్టర్ చేయించి, ఇక్కడ తిప్పుతాడు. 2017లో కేరళలో సినిమా నటుల మీద ఈ విషయంలోనే కేసులు పడ్డాయి. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడే మళ్లీ రిజిస్టర్ చేయించాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఆ లెక్కన పుదుచ్చేరి కార్లు పదకొండో నెలలో బీచ్ చూసి రావాలి.

పన్ను దగ్గర ఉన్న పొదుపు నంబరు దగ్గర ఉండదు. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో టీజీ 09 9999 నంబరు 25,50,002 రూపాయలు పలికింది. నాలుగు తొమ్మిదులు కూడి, కూడగా వచ్చినదాని అంకెలు మళ్లీ కూడితే తొమ్మిదే రావడం దాని మహిమ. చివరి రెండు రూపాయల్లో ఉన్నది మాత్రం రూపాయి తేడాతో ఓడిన అనుభవం.

నంబరు వచ్చాక పెద్దమ్మ గుడి. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. వెనక టైరు వెడల్పు 315 మిల్లీమీటర్లు కాబట్టి నిమ్మకాయ ఆనవాలు కూడా మిగలదు. పూజారి అలవాటు ప్రకారం ముందు మూత మీద పసుపు రాసి, కుంకుమతో స్వస్తిక్ వేసి, ఇంజనుకు ఏ ఆపదా రాకూడదని దీవిస్తాడు. 911లో ఇంజను వెనకుంటుంది. దీవెన డిక్కీకి అందుతుంది.

పెట్రోలు సంగతి క్లుప్తంగా. వంద ఆక్టేన్ పెట్రోలు నగరంలో కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది. మామూలు దానికన్నా బాగా ఖరీదు. బంకు కుర్రాడు మాత్రం ఏ కారుకైనా అడిగే ప్రశ్నే అడుగుతాడు: ‘మైలేజ్ ఎంతిస్తది సార్?’ దీనికి నిజం చెప్పిన యజమాని ఇంకా కనిపించలేదు. ఇక వానాకాలంలో కూపేను బయటికి తీయకపోవడమే వైద్యం. నీరు గాలిలా నొక్కుకుపోదు. సిలిండర్లోకి చేరితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. ఇన్సూరెన్స్‌లో ఇంజను రక్షణ విడిగా తీసుకుంటే తప్ప ఆ ఖర్చు సొంతం. హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే రోడ్డు ఎక్కడ ఆగి చెరువు ఎక్కడ మొదలవుతుందో పుట్టి పెరిగినవాళ్లే చెప్పలేరు.

ఇన్ని తిప్పలు పడి ఎందుకు కొంటారన్న ప్రశ్నకు జవాబు సిగ్నల్ దగ్గర దొరుకుతుంది. బైకు మీది ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లు తీసి, ‘అన్నా, ఒక్కసారి రేజ్ చెయ్యన్నా!’ అంటారు. అన్న పాదం కదుపుతాడు. సైలెన్సర్ ఉరుముతుంది. పక్క బస్సులో నిద్రపోతున్న పసివాడు లేచి ఏడుస్తాడు. వీడియో సాయంత్రానికి ఇన్‌స్టాగ్రామ్ చేరుతుంది. మూడు కోట్లకు కొన్నది ఈ పదిహేను సెకన్లే. కారు అప్పుడు కదలను కూడా లేదు.

ఇక్కడితో ఆగితే ఈ వాహనం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. చిక్కల్లా ముట్టుకోని ఆ 210 కిలోమీటర్ల మిగులు వేగం మీద కన్నుపడే రాత్రుల్లోనే. హైదరాబాద్‌లో అతివేగానికి చలానా వెయ్యి రూపాయలు. మూడు కోట్లు పెట్టినవాడికి ఇది శిక్ష కాదు, టోల్ ఫీజు. అది కూడా వెంటనే కట్టాలని లేదు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలానాలపై కార్లకు 60 శాతం రాయితీ ఇచ్చింది. సకాలంలో కట్టినవారికి ఇచ్చింది ఏమీ లేదు.

2024 మే 19 తెల్లవారుజామున పుణె కల్యాణి నగర్‌లో పోర్షే కంపెనీయే తయారు చేసిన నాలుగు తలుపుల విద్యుత్ కారు ఓ బైకును గుద్దింది. దాని మీదున్న ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చనిపోయారు. కారు నడిపాడని పోలీసులు చెప్పిన కుర్రాడి వయసు పదిహేడేళ్లు. జువెనైల్ జస్టిస్ బోర్డు గంటల్లోనే బెయిలిచ్చింది. షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశమంతా తిట్టాక ఆ ఉత్తర్వు మార్చారు. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణపై వైద్యుల్నీ, కుర్రాడి తల్లిదండ్రుల్నీ అరెస్టు చేశారు. కోట్ల విలువైన ఆ కారుకు నంబరు ప్లేటు లేదు. 1,758 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టలేదని రవాణా శాఖ చెప్పింది.