సి షిఫ్టులో కాలిన కుండలు

మా అమ్మకు మొదటి నుంచీ ఒకటే సందేహం. "ఇందులో ఏం పోస్తారే?"

"ఏమీ పొయ్యరమ్మా. ఊరికే చూస్తారు."

ఆవిడ నా చేతిలో కూజా కేసి చూసింది, తర్వాత నా కేసి చూసింది. పాతికేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన కూతురు బీచ్ రోడ్డులో హాలు అద్దెకు తీసుకుని, నలభై ఒక్క ఖాళీ కుండలు వరసగా పెట్టి, ఊళ్లో వాళ్లను పిలిచి చూడమంటుందట! గుమ్మం దిగుతూంటే ఖాళీ బిందె ఎదురైతే వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరే వంశం మాది.

"ఒక్కటి ఎదురైతేనే పని జరగదు. నలభై ఒకటా?" అంది.

మట్టి ఎక్కడిదని అడిగినవాళ్లు జవాబు కూడా వాళ్లే చెప్పేవారు. "భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలుండగా నీకేం లోటండీ!" పేరులో మట్టి ఉంది గానీ అక్కడున్నది చాలావరకు ఇసుక. సారె మీద నిలవదు. పైగా అది జాతీయ భూవారసత్వ స్థలం. గంపెడు ఎత్తుకొస్తే నా ప్రదర్శన హాల్లో కాదు, పోలీసు స్టేషన్లో ప్రారంభమవుతుంది. అందుకని తెల్లమట్టి బస్తాల్లో తెప్పించుకున్నాను. చెరువు మట్టి మాత్రం విజయనగరం వైపు ఒక ఊళ్లో కుమ్మరి తాత ఇచ్చాడు, కొంత పాఠంతో కలిపి.

"సారె తిరగతాది మేష్టరమ్మా. నీ సెయ్యి ఊరుకోవాల. రెండూ తిరిగితే ఏటవుతాదీ?"

ఏటవుతుందో ఆర్నెల్లపాటు చూపించాను. నా మొదటి కుండను తాత అటూ ఇటూ తిప్పి చూసి, "కుండలాగ నేదమ్మా" అన్నాడు. రెండో గురువు మాకు దగ్గరలోనే ఉంటారు, ఫైన్ ఆర్ట్స్ చదివిన మాస్టారు. ఏడాదయ్యాక ఎలాగో నిటారుగా నిలిచిన ఒక కుండను పట్టుకెళితే ఆయన నిట్టూర్చారు. "మరీ కుండలా ఉందండీ." పి.ఆర్. దారోజ్ గారి పేరు నాకు అప్పుడే తెలిసింది. హైదరాబాదులోనూ బరోడాలోనూ చదువుకున్న మనిషి, కాల్చిన మట్టితో ఏకంగా ద్వారాలు నిలబెట్టారట. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒప్పుకుంది. "ద్వారం ఖాళీగానే ఉండాలిలే. దానికేం దోషం లేదు."

మాస్టారు ఒక ఆదివారం మమ్మల్ని బావికొండకు తీసుకెళ్లారు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం, ఎదురుగా సముద్రం. ఆకారాలు చూసి నేర్చుకోమని ఆయన ఉద్దేశం. అక్కడి తవ్వకాల్లో ఒక పాత్రలో అస్థిధాతువు దొరికిందని, అది బుద్ధుడిదేనని నమ్ముతారని చెప్పారు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావా? సన్యాసులు కూడా ఖాళీగా ఉంచలేదు."

ఇక కొలిమి సంగతి. దాన్ని తాత ఆవం అంటాడు, మాస్టారు కిల్న్ అంటారు, అమ్మ పొయ్యి అంటుంది. మా నాన్న ఫర్నేసు అంటారు. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది. ఆయన స్టీల్ ప్లాంటులో కొలుముల లోపలి ఇటుకలు చూసి రిటైరైన మనిషి. వేరే ఊళ్లలో గోదావరి అంటే నది. మా కూర్మన్నపాలెంలో 1990లో వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేసు. మొదట్లో దాని లోపలి జాగా 3,200 ఘనపు మీటర్లు ఉండేది, నా కరెంటు కొలిమిది అరవై లీటర్లు. అంటే నావంటివి యాభై మూడు వేల పైచిలుకు అందులో పట్టేవి. (లెక్కల టీచర్ని, ఊరుకోలేను.) అయినా నాన్న రెంటికీ తేడా చూపించలేదు. వాషింగ్ మెషీన్ను వరండాలోకి గెంటించి, ఆ చోట కొలిమి పెట్టించి, గోడకు రిజిస్టరు వేలాడదీశారు. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా సి షిఫ్టు తనదే అన్నారు.

"ఒక్క రాత్రిలో కాల్చేస్తావా? మా కోక్ ఓవెన్ బ్యాటరీని వేడెక్కించడానికి రెండు నెలలు పైనే పడుతుంది తెలుసా?"

ఆయన గొడవకు కారణం లేకపోలేదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటుంది. చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటుంది. అక్కడ తొందరపడితే చీలిక తప్పదు. కానీ నేను అంతదూరం వెళ్లనే లేదు. ఆగస్టు నెల, సముద్రపు గాలి, అప్పడాలే ఆరని ఊళ్లో కుండలు ఆరిపోయాయని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని స్విచ్చి వేశాను. మందంగా ఉన్న కుండ అడుగులో మిగిలిన తేమ ఆవిరైంది, దారి దొరకక బయటికి దూకింది. ఆ రాత్రి రిజిస్టరులో నాన్న రాసింది ఇప్పటికీ ఉంది.

"23.40: లోపల టప్పున శబ్దం. 23.41: మళ్లీ టప్. 23.42: అమ్మాయి ఏడుపు. 23.50: అల్లుడు టీ అడిగాడు. ఇవ్వలేదు. ప్రమాద సమయంలో టీ నిషేధం."

తర్వాత మూడు వారాలు ఆరబెట్టిన కుండలు సరిగ్గానే కాలాయి. గ్లేజు 1,220 డిగ్రీలకు చేరిన పొద్దున్న ఆయన రిజిస్టరులో సంతకం చేసి, మా ఆయన చేత కూడా చేయించి, ఎ షిఫ్టుకు అప్పగించి వెళ్లి పడుకున్నారు. ఎ షిఫ్టులో చేయవలసిన పని ఏమీ లేదు. మూత తియ్యకుండా కూర్చోవడమే. మా ఆయన రెండుసార్లు తియ్యబోయాడు.

అమ్మ పరీక్ష ఆ తర్వాత. మా ఇంట్లో పింగాణీ అంటే ఊరగాయ జాడీయే. జాడీకి అందం ఉందా అని ఎవరూ అడగరు, ఉప్పు ఊరిందా అని అడుగుతారు. అన్నిట్లోనూ ఉప్పునీళ్లు పోసి పాత పేపర్ల మీద వారం రోజులు ఉంచింది. తెల్లమట్టివి ముప్పై నెగ్గాయి. చెరువు మట్టివి పదకొండు, తక్కువ వేడికి కాల్చినవి, ఒళ్లంతా తెల్లగా ఉప్పు పూసి నిలబడ్డాయి. ల్యాబులో అయితే తూచి, ఉడకబెట్టి, మళ్లీ తూచి ఎంత నీరు పీల్చిందో లెక్క కడతారని నాన్న చెప్పారు. "ఉడకబెడితే గ్యాసు దండగ" అంది అమ్మ.

పదకొండూ పోయాయని దిగులుతో తాతకు ఫోన్ చేశాను. ఆయన నవ్వు ఆపడానికి చాలాసేపు పట్టింది. "కూజాకి సెమట పట్టకపోతే నీల్లెలాగ సల్లబడతాయమ్మా?"

నిజమే. జాడీకి దోషమైనది కూజాకు గుణం. ఉప్పు పోయేదాకా నానబెట్టి కడిగి, ఆ పదకొండింట్లోనూ మంచినీళ్లు నింపి హాల్లో పెట్టాలని తేల్చాం. అమ్మ మొహం విప్పారింది. ఇంకా ముప్పై మాత్రమే ఖాళీ.

రవాణా మా ఆయనది. పోర్టులో ఉద్యోగం. ఓడలో సరుకు ఎక్కించినట్టు బరువైనవి కింద, తేలికవి పైన అని బొమ్మ గీశాడు. "ఖాళీ అనేదే మా శత్రువు. చోటుంటే సరుకు కదులుతుంది, కదిలితే పగులుతుంది" అని ప్రతి కుండలోనూ పాత చీరలు కుక్కాడు. పెళ్లైన పాతికేళ్లలో అత్తా అల్లుడూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. గాజువాక దాటే వరకు నేను కళ్లు మూసుకున్నాను. ఒక్కటీ పగల్లేదు. హాల్లో చీరలు తీసేశాక చూస్తే అందులో నా పెళ్లిచీర ఉంది. ఆ సంగతి ఇంకా విచారణలో ఉంది.

ప్రారంభం రోజు పొద్దున్న దీపం వెలిగించక ముందే అమ్మ కొంగుముడి విప్పింది. బియ్యం. మాస్టారు చూస్తూండగానే ముప్పై కుండల చుట్టూ తిరిగి తలా నాలుగు గింజలు వేసింది. ఆయన ఏదో అనబోయి, రెండోసారి లెక్కపెట్టుకుంటూ వస్తున్న నాన్నని చూసి ఊరుకున్నారు.

మొదటి కొనుగోలుదారు ఒక పెద్దావిడ. నీలం జాడీని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. టంగుమంది.

"ఎంత?"

"పన్నెండు వందలండీ."

"గ్రాములా?"

"రూపాయలు."

ఆవిడ మళ్లీ కొట్టి చూసింది. ఈసారి టంగుమన్నది అంత నచ్చినట్టు లేదు. ఈలోగా అమ్మ కుర్చీలోంచి లేచొచ్చి, వారం రోజుల ఉప్పు పరీక్ష కథంతా చెప్పింది. నేను రాసిన పరిచయ పత్రం ఎవరూ చదవలేదు. ఆవిడ డబ్బు తీసి, జాడీని బోర్లించింది. గింజలు నేలమీద పడ్డాయి.

"అయ్యో, ఇందులో ఏదో ఉందండీ!"

"ఉండాలి" అంది అమ్మ. వంగి ఒక్కొక్క గింజా ఏరి, మళ్లీ జాడీలో వేసి ఇచ్చింది. "ఖాళీగా ఇవ్వకూడదు కదమ్మా."

నాన్న రిజిస్టరు హాలుకు కూడా తెచ్చుకున్నారు. "11.20: ఒకటి వెళ్లింది. నాలుగు గింజలతో."