అవుట్ గేటు విశ్లేషకుడు

మా బావగారు ఆంధ్రా యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. బీచ్ రోడ్డు వాకింగు మిత్రులు మాత్రం ఆయన్ని పొలిటికల్ సైన్సు ప్రొఫెసరనుకుంటారు. ఆయనా కాదనరు.

వైజాగ్ ఎంపీ సీటు ఊసెత్తితే చాలు, 1967 నుంచి మొదలు. "తెన్నేటి విశ్వనాథంగారు ఇండిపెండెంటుగా గెలిచిన ఊరోయ్ ఇది!" అక్కణ్ణుంచి ఎంవీవీఎస్ మూర్తి, సుబ్బరామిరెడ్డి, మళ్ళీ మూర్తి, నేదురుమల్లి, పురందేశ్వరి... ఈలోగా ఇడ్లీలు చల్లారిపోతాయి. అక్క తిట్టేది నన్ను.

ఆయన జోస్యం ఏనాడూ ఫలించలేదు, పోస్టుమార్టం ఏనాడూ తప్పలేదు. 2014లో వైసీపీ విజయమ్మ గెలుపు రాసిపెట్టుకోమన్నారు. బీజేపీ హరిబాబు గెలిచారు. సాయంత్రానికల్లా, "మన ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరోయ్! క్యాంపస్ వోటు ఎక్కడికి పోతుంది?" అని నన్నే నిలదీశారు.

2019 ఆయనకి పండగ. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, నగరంలో నాలుగు దిక్కులా తెలుగుదేశం ఎమ్మెల్యేలే. ఎంపీ మాత్రం వైసీపీ, అదీ 4,414 వోట్లతో. ఐదేళ్ళపాటు ఏ శుభలేఖ వచ్చినా దాని వెనక ఇదే లెక్క. "జనసేన జేడీ లక్ష్మీనారాయణకి 2.88 లక్షలు ఎక్కణ్ణుంచొచ్చాయి? యూనివర్సిటీ అవుట్ గేటు దగ్గర టీ తాగే కుర్రాళ్ళవి, ఎంవీపీ కాలనీ మేష్టర్లవి. ఎమ్మెల్యేకి మనవాడు, ఎంపీకి మంచివాడు. అదీ చదువుకున్నోడి వోటు!"

"మరి మీరెవరికేశారు బావగారూ?"

"వోటు రహస్యం."

"ఆవేళ వేలికి సిరా ఏదో ఓసారి అడుగు" అని వంటింట్లోంచి అక్క.

అలాగని తీసిపారేయడానికి లేదు. కాలనీలో పద్దెనిమిది నిండిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ వోటరు నమోదు ఫారం-6 నింపిపెట్టేది ఈయనే. ఫొటో అతికించేదాకా ఊరుకోరు. పాపం, ఆ పిల్లలు టీతోపాటు 1967 కూడా పుచ్చుకోవాలి.

2024 ఆయన్ని దెబ్బతీసింది. తెలుగుదేశం కూటమి అభ్యర్థి శ్రీభరత్ మెజారిటీ 5,04,247. మూర్తిగారి మనవడు, గీతం అధ్యక్షుడు కాబట్టి క్యాంపస్ వోటని సరిపెట్టుకోవచ్చు. కానీ 2019లో విడివిడిగా నిలబడ్డ తెలుగుదేశం, జనసేన, బీజేపీ వోట్లు కూడితేనే వైసీపీ కన్నా మూడు లక్షలు పైన తేలుతున్నాయి. మూడో క్లాసు కూడికకి విశ్లేషకుడెందుకు? కౌంటింగు మధ్యాహ్నం టీవీ కట్టేసి పడుకున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటుపరం చేస్తామన్న కేంద్రం మీద అంత కోపముండీ, బీజేపీ ఉన్న కూటమికి గాజువాక కూడా ఎందుకు వేసిందన్న ముడి ఒక్కటే ఆయనకి మిగిలింది. దాంతోనే కాలక్షేపం.

నా బాధల్లా ఒకటే. ఈయన లెక్కలో నియోజకవర్గం నగరం దాటదు. విజయనగరం జిల్లాలో ఉన్నా శృంగవరపుకోట కూడా ఈ సీటులోదే కదా! ఎన్నిసార్లు చెప్పినా చెవినేసుకోరు. కోటలో మా మేనమామలున్నారు. ఆ 4,414 ఎక్కడ తెగాయో, ఏ వీధిలో తెగాయో నన్నడగండి, చెబుతాను. కూర్చోండి, 1967 నుంచి వద్దు, 1984 నుంచి చాలు.