బాటకు అడ్డంగా నిలబడ్డ గోడను

హైదరాబాద్‌లో పుప్పాలగూడ వైపున్న ఓ గేటెడ్ కాలనీకి వెనకవైపు ప్రహరీ గోడను నేను. నా పునాదిలోని రాయి ఇక్కడి గుండ్లను పేల్చి తీసిందే. అందుకే నేను గోడనై లేవకముందు సంగతులూ నాకు తెలుసు. సీతాఫలం చెట్ల మధ్య నుంచి ఓ బండ్ల బాట పోయేది. మేకలు, సైకిళ్లు, బడిపిల్లలు అంతా ఆ బాటనే. సరిగ్గా దానికి అడ్డంగా నన్ను కట్టారు.

ఇవతల కాలనీ, అవతల బస్తీ. ఈ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లుండేది ఆ బస్తీలోనే. నేను లేకపోతే నాలుగడుగుల్లో వచ్చేస్తారు. ఇప్పుడు గల్లీ చివరిదాకా వెళ్లి, మెయిన్‌రోడ్డెక్కి, లారీల పక్కన నడిచి, యూటర్న్ దగ్గర రోడ్డు దాటి ముందు గేటుకు చేరాలి. దాదాపు రెండు కిలోమీటర్లు. నా ఒంట్లో ఓ మూల రెండు ఇటుకలు ఊడాయి. పిల్లలు పాదం మోపి మోపి ఆ గుంతల అంచులు నున్నబడ్డాయి.

"గీడ చిన్న గేటు వెడితే ఏం పోతదక్కా?" అందొకామె మొన్న.

"అసోసియేషనోళ్లు ఒప్పుకుంటలేరట," అంది పెద్దామె, చెప్పులో ఇరుక్కున్న రాయి దులుపుకుంటూ.

ఈ నగరం ఇలా మొదలవలేదు. 1591లో చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తెరిచి మొదలైంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా రోడ్లు వెడల్పు చేసింది. ఊరు పడమటికి పాకాక ఎవరి భూమిలో వాళ్లు లేఅవుట్ వేసుకున్నారు. లోపలి వీధులెన్నున్నా బయటికి ఒకటే గేటు, గేట్లన్నీ ఒకే మెయిన్‌రోడ్డులోకి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది గానీ, ఈ కాలనీ నుంచి పక్క బస్తీకి దారి రాలేదు. పొద్దున తొమ్మిదింటి హారన్లు ఇక్కడిదాకా వినిపిస్తాయి. రోడ్డు చాలడం లేదంటారు. నేనొప్పుకోను. ఉన్న వీధులు ఒకదానితో ఒకటి కలవడం లేదు, అసలు రోగం అదీ.

ప్రపంచంలో చాలాచోట్ల ఇదే దారి పడుతోంది. బారింగ్టన్-లీ, మిల్లర్డ్-బాల్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1975 నుంచి చాలా దేశాల్లో కొత్త వీధులు ఒకదానికొకటి కలవడం తగ్గుతూ వస్తోంది. నా దిగులంతా ఇక్కడే. ఇల్లు పాతబడితే కూల్చి కట్టుకుంటారు. వీధి ఒకసారి పడిందంటే తరాలు గడిచినా జరగదు.

పెద్ద స్థలంలో కట్టేవాళ్లు వెనక భూములకు దారిగా ఓ పక్క 12 మీటర్ల రోడ్డు వదలాలని 2012 నాటి భవన నియమాల్లోనే ఉంది. ఆ రోడ్డు నేల మీద కనబడాలి, అవతలి రోడ్డును తాకాలి.

గోడకు గేటు పెట్టమంటే దొంగల భయం అంటారు. నిజమే, ఆ భయానికే నన్ను కట్టుకున్నారు. కాలనీవాళ్లారా, మనిషీ సైకిలూ పట్టేంత గేటు పెట్టి, చీకటిపడేదాకా కాపలా మనిషిని కూర్చోబెట్టండి చాలు. కొత్త లేఅవుట్లు గీసే ఇంజనీర్లకూ, అనుమతులిచ్చే అధికారులకూ ఒకటే మనవి: పక్క లేఅవుట్ రోడ్డు ఎక్కడ ఆగిందో వెళ్లి చూడండి, మీ రోడ్డు అక్కణ్నుంచి మొదలుపెట్టండి.