కుడి కాలువ మరమ్మతు

మూడు రోజులు పన్ను సలిపింది. పగలు ఎలాగో సర్దుకుపోయేది గానీ, రాత్రి మంచమెక్కి తల వాల్చగానే మొదలు. కుడివైపు, పై దవడ, వెనకున్న పెద్ద పన్ను. లవంగం పెట్టాను, లవంగం నూనె పెట్టాను, జామాకు నమిలాను. నాలుగోరోజు తెల్లారుజామున మా ఆవిడ, "ఇంక కోటప్పకొండకు ప్రభ కట్టిస్తానని మొక్కుకోవడమే మిగిలింది" అంది. ప్రభకయ్యే ఖర్చు లెక్కేసుకుంటే పళ్ళ డాక్టరే చవకనిపించింది.

బయల్దేరబోతుంటే మాచర్ల నుంచి అక్క ఫోను. "పీకించుకోమాకరా! పై పన్ను పీకితే కంటిచూపు పోద్ది." అక్క నోట్లో పై పళ్ళు ఒక్కటీ లేవు. సూదిలో దారం మాత్రం ఇప్పటికీ ఒక్క పోటున ఎక్కిస్తుంది.

నరసరావుపేటలో డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. ఎక్స్‌రే చూసి, "పీకక్కర్లేదు అంకుల్, రూట్ కెనాల్ చేద్దాం" అంది.

కెనాల్ అన్న మాట వినగానే నిటారుగా కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు సాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాణ్ణి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్, ఆయన పేరే పెట్టుకున్న జవహర్ కాలువ, 203 కిలోమీటర్లు. నువ్వు చెప్పే కాలువ ఎంతుంటుందమ్మా అన్నాను. "ఇరవై మిల్లీమీటర్లు."

అప్పటిదాకా రూట్ కెనాల్ అంటే పన్ను వేళ్ళు తవ్వి తీస్తారనుకున్నాను. వేళ్ళు ఉన్నచోటే ఉంటాయట. వాటి లోపల సన్నటి దారుల్లో మెత్తటి గుజ్జు, అందులో నరమూ రక్తనాళాలూ. పిప్పి అక్కడిదాకా దిగితే గుజ్జు వాస్తుంది. వాచడానికి చోటేదీ? చుట్టూ రాయిలాంటి గట్లు. మా కాలువకు నీళ్ళెక్కువైతే గండి పడి ఊపిరి పీల్చుకుంటుంది, పంటికి ఆ వెసులుబాటు లేదు. పడుకుంటే తలకు రక్తం ఇంకాస్త ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రిపూట మరీ చంపుతుంది. ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి మూడు రాత్రులు నన్నెందుకు ఏడిపించిందో!

ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ నాది కాకుండా పోయింది. నోట్లో రబ్బరు పలక బిగించి, చిల్లులోంచి ఆ పన్నొక్కటే పైకి కనపడేలా చేసింది. దాని పేరు రబ్బర్ డ్యామ్! డ్యామ్ అయింది, కెనాల్ అయింది, ఇంకేం మిగిలిందా అనుకుంటుంటే నర్సుతో, "ఇరిగేషన్ సిరంజి ఇవ్వు" అంది. నేను రిటైరైనా డిపార్టుమెంటు నన్ను వదల్లేదు.

పంచాయతీవాళ్ళు బావిలో బ్లీచింగ్ చల్లినప్పటి వాసనేసింది. సోడియం హైపోక్లోరైట్ పోసి కడుగుతోంది. వెంట్రుకలాంటి ఉక్కు ఫైలు, దాని మీద చిన్న రబ్బరు రింగు. రింగును గోటితో జరిపి బుల్లి స్కేలు మీద కొలుస్తుంది, లోపలికి దించుతుంది, పూడిక తీస్తుంది. కొస దగ్గరపడగానే పక్కనున్న మిషను కీచుమంటుంది. చివరి భూములకు నీళ్ళందాయో లేదో చెప్పే మిషను మాకూ ఒకటుంటే ఎన్ని ధర్నాలు తప్పేవి!

మూడు కాలువలు దొరికాయి. "నాలుగోది కూడా ఉంటుంది చాలామందికి, గోడచాటున దాక్కుంటుంది" అంటూ కళ్ళద్దాలు సర్దుకుంది. దొంగ తూములు పట్టుకోవడంలో నా సర్వీసంతా గడిచింది. ఎప్పుడూ కంప మాటునే ఉంటాయవి. ఆ మాటే చెప్పబోయాను. "ఆఁ... అం... ఆ" అని వచ్చింది. "నొప్పా అంకుల్?" అని పాపం ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది. సలహా విరమించుకున్నాను. కాసేపటికి తనే పట్టుకుంది.

ఆ రోజుకు మందు పెట్టి మూసేసింది. ఏం మందమ్మా అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. అంటే తడి సున్నం! పిడుగురాళ్ల బట్టీల పక్కనే ఎన్నేళ్ళు తిరిగాను, కిళ్ళీలో ఎన్ని వేళ్ళ సున్నం రాసుకున్నాను. కిళ్ళీలో పావలా సున్నం ఇక్కడ సిట్టింగుకింత.

రెండో సిట్టింగులో కాలువలు నాలుగింటినీ పూడ్చేసింది. తీసిన పూడికకు బదులు గట్టాపెర్చా అని గులాబీరంగు పుల్లలు. మలయా అడవుల్లో చెట్టుపాలు గడ్డకడితే వచ్చే పదార్థమది. 1858లో అట్లాంటిక్ సముద్రం కింద వేసిన టెలిగ్రాఫ్ తీగకు తొడిగిందీ ఇదేనట. ఖండాలు దాటిన సరుకు నా నోట్లోకొచ్చి ఆగింది. బాగుచేసిన కాలువలో నీళ్ళు పారించకుండా పూడ్చేసే డిపార్టుమెంటును ఇక్కడే చూశాను. పైన టోపీ వేసి, "ఇక ఈ పన్ను సలపదు" అంది. సలపడానికి లోపల నరమే లేదుగా.

లేవబోతుంటే అద్దం పెట్టి, ఎడమవైపు కింది పన్నులో నల్లచుక్క చూపించింది. "ఇది కూడా త్వరలో చూపించుకోండి అంకుల్."

"ఎడమ కాలువ నా పరిధి కాదమ్మా" అన్నాను, "నల్గొండ వాళ్ళకు రాయి."