నోరు మూసుకొని ఉపన్యాసం

పృచ్ఛకులు, అనగా ప్రశ్నలు సంధించే పండితులు, నూరుమంది చుట్టుముట్టినా కాగితం ముట్టకుండా పద్యాలతో బదులిచ్చే శతావధాన విద్యలో దుర్భాక రాజశేఖర శతావధాని పేరుగాంచిన ప్రొద్దుటూరు గల కడప సీమలోనూ, 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా నాయకుల ఉపన్యాసాలన్నీ ఓపికగా విన్న కర్నూలులోనూ, డిగ్రీ విద్యార్థి ప్రసంగకళ పరీక్షకు సిద్ధమవడమంటే సభాకంపాన్ని, అనగా వేదికెక్కగానే కాళ్లు వణికే అవస్థను, జయించే మార్గాలను గైడులోంచి బట్టీ పట్టడమే. శ్రోతల కళ్లలోకి సూటిగా చూడవలెనన్న సూత్రాన్ని అతడు, పాపం, తలవంచుకొనే రాస్తాడు. కంఠస్వరంలోని హెచ్చుతగ్గులను స్కెచ్‌పెన్నుతో గీత గీసి నిరూపిస్తాడు. ఆ పరీక్ష హాలులో పెదవి కదిపినవాడు మాత్రం డిబారవుతాడు.