రెండో శనివారానికి ఒక్క సెకను

లినక్స్ యంత్రాల్లో ‘డేట్’ అని ఒక కమాండ్ ఉంటుంది. ఇంగ్లిషులో ‘రేపు’ అన్నా, ‘మూడు వారాల కిందట’ అన్నా లెక్కగట్టి తేదీ చెబుతుంది. ఒకసారి దానికి ఏమీ చెప్పకుండా, కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీ వదిలి ఇచ్చి చూడండి. ఏం కావాలని అడగదు. తప్పని అనదు. ఈరోజు తేదీ వేసి, సున్నా గంటల సున్నా నిమిషాలు అని తేల్చేస్తుంది. బిడ్డ నోరు తెరవకముందే ఆకలి కనిపెట్టేది అమ్మ ఒక్కతే అనుకున్న రోజులు పోయాయన్నమాట.

మనుషుల మాటల్లోంచి తేదీలను ఏరుకునే ఇలాంటి ప్రోగ్రాములకు వెనక ఒక వ్యాకరణం ఉంటుంది. ఏది వారం పేరు, ఏది అంకె, ఏ మాట పక్కన ఏది వస్తే ఎలా కలపాలి అని సూత్రాలు రాసిపెట్టి ఉంటాయి. ‘డేట్’ వాడే వ్యాకరణానికి మొదట పునాది వేసినవాడు స్టీవెన్ బెలోవిన్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఉండగా. 1990 ఆగస్టులో మరో ఇద్దరు దాన్ని సమూలంగా తిరగరాశారు. ఆ తర్వాత చేతులు వేసినవాళ్లకు లెక్కలేదు. అందులో సంఖ్యల సూత్రం వినండి. ‘ఫస్ట్’ అంటే ఒకటి. ‘నెక్స్ట్’ అన్నా ఒకటే. ‘థర్డ్’ మూడు, ‘ఫోర్త్’ నాలుగు, అలా పన్నెండు దాకా వరసగా ఉన్నాయి. రెండు మాత్రం లేదు. ‘సెకండ్’ అనే మాటను అప్పటికే గడియారం ఎత్తుకుపోయింది కాబట్టి రెండోది అని రాయడానికి దారి లేదని వాళ్ల మాన్యువల్లోనే నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు.

బ్యాంకు ఉద్యోగులు ఇక్కడ కాస్త గుండె దిటవు చేసుకోవాలి. 2015 సెప్టెంబరు నుంచి మన దేశంలో బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. ‘డేట్’కి ‘సెకండ్ సాటర్‌డే’ అని ఇవ్వండి. అది రాబోయే శనివారం తీసుకుని, సున్నా గంటల దగ్గర నిలబెట్టి, దానికి ఒక సెకను కలిపి ఇస్తుంది. సెలవు అడిగితే సెకను ఇచ్చి పంపింది! పోనీ నాలుగోదైనా దక్కుతుందా అంటే, నెలలో నాలుగో శనివారం కాదు, మీరు అడిగిన రోజు నుంచి వేళ్లు మడిచి నాలుగోది ఇస్తుంది. రెండు లేనందుకు నాకు కోపం లేదు. ఏ వ్యాకరణానికైనా లోటుపాట్లుంటాయి. లేదని చెప్పకుండా ఏదో ఒకటి చేతిలో పెట్టి, తలుపేసుకుని లోపలికి పోవడం ఉందే, దాని గురించే ఈ గొడవంతా.

తెలుగుకు వ్యాకరణం రాసిన చిన్నయసూరిని తిట్టుకోని తెలుగు విద్యార్థి లేడు. అయినా ఆయన పాటి నిజాయితీ ఈ యంత్రాలకు లేదు. భాష తన సూత్రానికి లొంగని చోట సూరి ‘వైకల్పికం’ అన్నాడు, అంటే జరిగితే జరగొచ్చు, లేకపోతే లేదు. మరీ మొండికేసిన చోట ‘బహుళం’ అన్నాడు. ఒకచోట తప్పకుండా జరుగుతుంది, ఇంకోచోట జరగదు, మరోచోట మీ ఇష్టం, వేరొకచోట ఇంకేదో అవుతుంది. నాకు భాష మీద పెత్తనం లేదని పండితుడు ఒప్పుకోవడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు. తేదీల వ్యాకరణాల్లో ఈ బహుళం అనే గది కట్టనేలేదు. అక్కడ అన్నీ నిత్యాలే, అంటే తప్పకుండా జరిగి తీరేవే. ‘నెక్స్ట్ ఫ్రైడే’ని గురువారం నాడు అడిగితే ‘డేట్’ తడుముకోకుండా రేపటి తేదీ ఇస్తుంది. గురువారం నాడు నిలబడి, రేపటిని పట్టుకుని ‘వచ్చే శుక్రవారం’ అనే మనిషిని మీరెక్కడైనా చూశారా?

పీహెచ్‌పీ అనే భాషలో ‘స్ట్ర్‌టుటైమ్’ అని ఇంకో మహానుభావుడున్నాడు. ఇంగ్లిషులో తేదీని ఎలా వర్ణించినా దాదాపు అర్థం చేసుకుంటానని బోర్డు పెట్టుకున్నాడు. ఆయన ఔదార్యం చూడాలి. నెలలను రోమన్ అంకెల్లో రాసినా తీసుకుంటాడు. రెండు వారాలకు ఇంగ్లిషు మాట ‘ఫోర్ట్‌నైట్’ స్పెల్లింగులో ఒక ‘హెచ్’ ఎక్కువ పెట్టినా తప్పు పట్టడు, తప్పు స్పెల్లింగు కూడా సూత్రాల్లో చేర్చి ఉంది. వీటన్నిటికన్నా ముచ్చటైనది ఇంకొకటి. స్కాట్లండులో ‘బ్యాక్ ఆఫ్ సెవెన్’ అంటారు, ఏడు దాటాక ఎప్పుడో వస్తాలే అని. ఆ ‘ఎప్పుడో’కి పీహెచ్‌పీ స్టాంపు వేసింది: సరిగ్గా ఏడుంబావు. ‘ఫ్రంట్ ఆఫ్ సెవెన్’ అంటే పావుతక్కువ ఏడు. ఒక చిన్న దేశపు బద్ధకానికి ప్రపంచ స్థాయి గౌరవం దక్కింది, సంతోషమే. ఆ సూత్రాలు రాసేచోట మనవాళ్లు కూర్చుని ఉంటే ‘ఏడింటికల్లా వచ్చేస్తా’ అన్న మాటకు ఎనిమిదీ నలభై అని సూత్రం పడి ఉండేది. దాని మీద మాత్రం ఎవరూ బగ్ రిపోర్టు రాయరు.

ఇక అంకెల్లో రాస్తే గొడవే ఉండదు కదా అనే అమాయకుల కోసం. అదే పీహెచ్‌పీలో ఐదు, ఆరు, 2024 అని వాలుగీతల మధ్య రాస్తే మే 6. అడ్డగీతలు పెట్టి రాస్తే జూన్ 5. గీత వాలితే అమెరికా, పడుకుంటే ఐరోపా. కలం కొంచెం ఒరిగితే నెల మారిపోయే ఈ ఏర్పాటుకు ‘సందిగ్ధ నివారణ’ అని పేరు.

పైథాన్ భాషలో ‘డేట్‌యుటిల్’ అనే లైబ్రరీ ఇంకా లౌక్యం తెలిసినది. ఎవరూ ఏమీ చెప్పకపోతే మొదటి అంకె నెల అనుకుంటుంది, అమెరికావాళ్ల లాగే. 5/6/2024 మే 6. మరి 13/6/2024? పదమూడో నెల లేదు. అప్పుడు గప్‌చుప్‌గా ప్లేటు మార్చి, జూన్ 13 అంటుంది. హెచ్చరిక లేదు, దగ్గు లేదు. ఒకే ఫైల్లో, ఒకే కాలమ్‌లో, పై వరసకు అమెరికా చట్టం, కింది వరసకు భారత రాజ్యాంగం. తీరిగ్గా లెక్కవేస్తే, మన పద్ధతిలో రాసిన తేదీల్లో ఏడాదికి 132 తారుమారవుతాయి. ప్రతి నెలా మొదటి పన్నెండు రోజులకూ ఈ గండం ఉంది, అందులో ఒకటోనెల ఒకటి, రెండోనెల రెండు లాంటి పన్నెండు మాత్రం అటుతిప్పినా ఇటుతిప్పినా ఒకటే కాబట్టి బతికిపోతాయి. మిగిలిన 233 రోజులు అంతా సవ్యం. ఆ ప్రోగ్రామును పరీక్షించిన ఇంజనీరు ఏ 25వ తారీఖునో పరీక్షిస్తాడు, పచ్చటిక్కు పడుతుంది, టీ తాగడానికి వెళతాడు. తర్వాతి నెల 4వ తారీఖున పింఛను రికార్డులో ఎవరికో వయసు మారిపోతుంది. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో అలాగే ఉందండీ అంటాడు. పాపం, ఆయన నిజమే చెబుతున్నాడు.

వయసంటే గుర్తొచ్చింది. తాతగారి పుట్టిన సంవత్సరం పాత కాగితాల్లో ‘45’ అని రెండంకెల్లో ఉంటుంది. ఎక్సెల్‌కి ఇస్తే 1945 అంటుంది. ‘డేట్’కి ఇస్తే 68 దాకా అన్నీ ఈ శతాబ్దానివే, కాబట్టి ఆయన 2045లో పుడతారు. రెండూ ధీమాగానే చెబుతాయి. నెల కలపడం సంగతీ ఇంతే. 2025 జనవరి 31కి ఒక నెల కలపమంటే ఎక్సెల్ ‘ఈడేట్’ ఫిబ్రవరి 28 అంటుంది, పీహెచ్‌పీ ఫిబ్రవరిని దాటుకుని మార్చి 3కి వెళ్లి కూర్చుంటుంది. ‘డేట్’ మాన్యువల్ ఇచ్చిన ఉదాహరణైతే పద్యం కట్టదగ్గది: 2003 జూలై 31 నుంచి ఒక నెల వెనక్కి వెళితే జూలై 1కి చేరొచ్చు. నెల రోజులు నడిచినా నెల దాటలేదు. ఈఎంఐలు కట్టేవాళ్లకు ఈ అనుభూతి కొత్తేమీ కాదు.

ఇవన్నీ ఇంగ్లిషు కష్టాలు, తెలుగులో మాట్లాడితే హాయి అనుకునేవాళ్లూ ఉన్నారు. పైథాన్‌లోనే ‘డేట్‌పార్సర్’ అనే మరో లైబ్రరీ తెలుగునూ చదువుతుంది, నిన్న, రేపు లాంటివి దాని పట్టికలో ఉన్నాయి. శుభం. కానీ మనం రేపును ఎలా వాడతామో ఆ పట్టికకు ఎవరు చెప్పాలి? “రేపొద్దున నాకేదైనా అయితే పిల్లల గతేంటి?” అని భార్యతో అన్న మాటను ఫోన్ విని, రేపు ఉదయం ఎనిమిదింటికి ‘నాకేదైనా అవడం’ అని రిమైండర్ పెడితే తప్పెవరిది? ‘మొన్న’ అంటే రెండు రోజుల కిందట అని పట్టిక రాసుకోవచ్చు. మా ఇళ్లలో మొన్న దసరా, మొన్న కరోనా, మొన్న ఉల్లిపాయలు కిలో పది రూపాయలు. అన్నీ మొన్నలే.

రేపు అనే మాట ఎంత ప్రమాదమో మన పల్లెల్లో ఏనాడో కనిపెట్టారు. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. దయ్యం వచ్చి చదివేది, రేపు రమ్మన్నారని వెళ్లిపోయేది, మర్నాడు వచ్చి మళ్లీ చదివేది. రాసిన రోజు నుంచి లెక్కపెట్టాలా, చదివిన రోజు నుంచా అన్నది దానికి తేలలేదు. నిన్న రాత్రి వచ్చిన మెసేజీలో ‘రేపు కలుద్దాం’ అని ఉంటే, ఈ పొద్దున చదివి ఈరోజుకు కాకుండా రేపటికి మీటింగ్ పెట్టే యాప్‌ల తెలివి అచ్చంగా ఆ దయ్యానిదే.

రాత్రిళ్ల గోల చెప్పనే లేదు. అభిమాన హీరో సినిమాకు శుక్రవారం రాత్రి ఒంటిగంటకు బెనిఫిట్ షో అంటే, తెలుగువాడికి అది శుక్రవారం గడిచిన రాత్రి. యంత్రానికి శుక్రవారం ఇంకా తెల్లవారని ఒంటిగంట, అంటే పూర్తిగా ఒక రోజు ముందు. (అభిమాని ఒక రోజు ముందే వెళ్లి థియేటర్ గేటు దగ్గర నిలబడినా ఎవరికీ అనుమానం రాదు, అది వేరే సంగతి.) ఈ చిక్కుకు మన శుభలేఖలు రాసే పంతుళ్లు విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెప్పి, ‘అనగా’ అని ఇంగ్లిషు తేదీ వేసి, ముహూర్తం అర్ధరాత్రి దాటితే ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని రెండు రోజులూ రాస్తారు. ఒకటి తప్పు పడితే ఇంకోటి పట్టేస్తుంది. చదివినవాడికి అనుమానమొస్తే ఫోన్ చేసి అడుగుతాడు. 1988లో వచ్చిన ఐఎస్‌వో 8601 ప్రమాణం సంవత్సరం, నెల, రోజు వరసలో రాయమంది, మంచి మాటే. కానీ మనుషులు ఆ వరసలో మాట్లాడరు. మాట్లాడిన వరసను మళ్లీ ఒకసారి అడిగి ఖాయం చేసుకునే ఓపిక ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి లేదు. అడిగితే తెలివితక్కువగా కనిపిస్తామని భయం కాబోలు. క్రోమ్ బ్రౌజర్‌లో ‘హలో 1’ అని ఇస్తే 2001 జనవరి 1 అనే సమాధానం వచ్చిందంటే ఆ భయం ఎంత లోతుగా ఉందో చూడండి. పీహెచ్‌పీ నిజంగానే చేతులెత్తేసినా, ఆ ఓటమిని తర్వాతి ప్రోగ్రాము సున్నాగా తీసుకుంటే, అది మన తెరల మీద 1970 జనవరి 1, ఉదయం 5:30గా తేలుతుంది. ఎవరి పెళ్లి రోజు అదో!

యంత్రం మారకపోతే మనిషే మారాలన్న తీర్పు ఇప్పటికే వచ్చేసింది. ‘మార్చ్1’, ‘సెప్ట్2’ అనే జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తూ వచ్చింది. ఎక్సెల్ జన్యుపట్టికలు జతచేసిన పరిశోధనపత్రాల్లో దాదాపు ఐదోవంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో లెక్క తేల్చారు. 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ తలవంచి పేర్లే మార్చింది. మార్చ్1 మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్‌లు సెప్టిన్‌లయ్యాయి. ఆ మార్పిడిని ఆపుకునే మీటను మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది, జన్యువులు కొత్త పేర్లకు అలవాటు పడ్డాక.

కాబట్టి మన వంతు మనమూ చేద్దాం. సిజేరియన్‌కు ఎలాగూ ముహూర్తం చూపిస్తున్నాం, పంచాంగంతో పాటు డేట్‌యుటిల్‌నూ సంప్రదిద్దాం. బిడ్డలు ఏ నెలలోనైనా 12 తర్వాతే పుట్టాలి. తప్పనిసరైతే ఫిబ్రవరి 2, మార్చి 3, ఏప్రిల్ 4 లాంటి రోజులు చూసుకోవాలి, ఇలాంటివి ఏడాదికి పన్నెండే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆసుపత్రులు కిటకిటలాడతాయి గనక అపాయింట్‌మెంట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. తేదీ గడిలో రోజు ముందు రాయాలో, నెల ముందు రాయాలో ఆ పేజీలో ఎక్కడా రాసి ఉండదు.